జాగ్రత్త: చచ్చిన లైపో ప్యాకులు ‘లేపి’ కొత్తవిగా అమ్ముతున్నారు

ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) విమానాలు, డ్రోన్లు ఎగరేసే మిత్రులందరికీ మనవి. ఆన్‌లైన్‌లో దాదాపు సగం ధరకే దొరుకుతున్న 3ఎస్ (మూడు సెల్స్ ఉన్న) 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాకుల జోలికి వెళ్ళకండి. కొత్తదని చెప్పి నాకు పంపింది వాడి పారేసిన ప్యాక్.

పైకి మెరిసిపోతోంది, సీలు కూడా ఉంది. ఒక్కో సెల్ వోల్టేజ్ విడిగా కొలవడానికి వీలైన బ్యాలెన్స్ ప్లగ్‌కి మీటర్ పెడితే రెండు సెల్స్ 3.82, 3.81 వోల్టులు చూపించాయి, మూడోది 2.3. కొత్త ప్యాక్‌లో మూడూ ఇంచుమించు ఒకేలా 3.8 దగ్గర ఉండాలి. ష్రింక్ కవర్ అంచు కొంచెం పైకెత్తి చూస్తే అడుగున సగం చిరిగిన పాత లేబుల్, బ్యాలెన్స్ వైర్ల దగ్గర మళ్ళీ పెట్టిన టంకం, దాని చుట్టూ మాడిన ఫ్లక్స్ మరక. ఛార్జర్ కూడా ‘లో వోల్టేజ్’ అని ఛార్జింగ్ మొదలుపెట్టనే లేదు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఏమన్నాడో వినండి: “ఏం కాదు సార్, నికెల్ మోడ్‌లో పెట్టి కాసేపు కరెంటు ఇవ్వండి, లేస్తుంది.” నికెల్ మోడ్ అంటే నికెల్ బ్యాటరీల కోసం ఛార్జర్‌లో ఉండే సెట్టింగ్. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ మాటే.

నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్‌ని నెమ్మదిగా రెండు మూడుసార్లు ఛార్జ్, డిశ్చార్జ్ చేస్తే చాలాసార్లు కోలుకుంటాయి, నిజమే. లైపో సంగతి వేరు. మరీ కిందికి దిగిపోయి అలాగే ఉండిపోయిన సెల్‌లో లోపలి రాగి రేకు కరుగుతుంది. మళ్ళీ ఛార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోలోపలే షార్ట్ అవుతుంది. పైగా నికెల్ మోడ్‌కి సెల్‌కి 4.2 వోల్టుల దగ్గర ఆగాలని తెలియదు, బ్యాలెన్సింగ్ (సెల్స్ అన్నిటినీ ఒకే వోల్టేజ్‌లో ఉంచడం) ఉండదు. మంటలు అప్పటికప్పుడే రావాలని లేదు. ప్యాక్ లేచింది కదా అని అల్మరాలో పెట్టాక కూడా రావచ్చు. ఆ పొగ కూడా విషమే. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ఆలోచించండి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, ఛార్జర్‌కి తగిలించకముందే ఒక్కో సెల్ కొలవండి. ఒక్కటి 3 వోల్టులకి దిగువన ఉన్నా డబ్బు వెనక్కి అడగండి. వీడియో పంపాకే నా డబ్బు వచ్చింది. మొదట ప్యాక్‌ని కొరియర్‌లో తిప్పి పంపమన్నాడు, నేను ఒప్పుకోలేదు. పాడైన లిథియం ప్యాక్‌ని పార్సిల్ చేస్తే దారిలో మోసేవాళ్ళ ప్రాణాల మీదికి వస్తుంది.

ఈ 2200 ఎంఏహెచ్ సైజులో మంచి ప్యాక్ అయినా 2.2 ఆంపియర్లు దాటకుండా, బ్యాలెన్స్ మోడ్‌లో, గచ్చు మీద పెట్టి, మనిషి దగ్గరుండగానే ఛార్జ్ చేయండి. ఉబ్బిన ప్యాక్‌ని సూదితో గుచ్చి గాలి తీయమని చెప్పేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాట అస్సలు వినకండి. పారేయాల్సిన ప్యాక్‌ని ఆరుబయట ఇసుక మీద పెట్టి, 12 వోల్టుల బైక్ ఇండికేటర్ బల్బు తగిలించి పూర్తిగా దించేయండి. తర్వాత కనెక్టర్‌కి టేపు చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి, చెత్తబండిలో వేయకండి.