సోలార్ పెట్టించుకునేవాళ్లు జాగ్రత్త: నెట్ మీటర్ రాకుండా స్విచ్ వేయనివ్వకండి

మాది అమలాపురం దగ్గర పల్లె. పోయిన వేసవిలో డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. ఆ తర్వాత వచ్చిన మొదటి కరెంటు బిల్లు అంతకుముందు నెల కంటే ఎక్కువ! పెట్టినతన్ని అడిగితే "మొదటి నెల అలాగే ఉంటుందండి" అన్నాడు. రెండో నెలా అంతే.

చివరికి మా లైన్‌మ్యాన్ చూసి అసలు సంగతి చెప్పారు. మాకింకా పాత మీటరే ఉంది. నెట్ మీటర్ అయితే మనం లైనుకి పంపిన యూనిట్లు, లైను నుంచి తీసుకున్న యూనిట్లు విడివిడిగా చూపిస్తుంది. మామూలు డిజిటల్ మీటర్లు కొన్ని, కరెంటు ఎటు వెళ్లినా వాడకం కిందే లెక్కేస్తాయి. అంటే పగలు మేం వాడగా మిగిలి లైనుకి పోయిన కరెంటుకి కూడా మేమే డబ్బు కట్టాం. ఆ మాట విని మా అత్తగారు మెట్ల మీదే కూర్చుండిపోయారు. ఆవిడ దాచుకున్న కొబ్బరికాయల డబ్బు అందులో ఉంది.

నెట్ మీటర్ ఏదని కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసుకి వెళ్తే, అసలు దరఖాస్తే రాలేదన్నారు. మా సర్వీసు ఇంకా చనిపోయిన మామగారి పేరు మీదే ఉంది. మన వైపు చాలా ఇళ్లలో ఇంతే కదా. సోలార్‌కి సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో, కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరుతోనే దరఖాస్తు చేయాలి. ముందు పేరు మార్పించుకోండి అని ఒక్క మాట చెప్పకుండా, సోలార్ పెట్టినతను మొత్తం 2,10,000 రూపాయల్లో 1,50,000 తీసుకుని ప్యానెళ్లు బిగించేశాడు.

78,000 సబ్సిడీ వస్తుందనే ఒప్పుకున్నాం. 2024లో కేంద్రం తెచ్చిన ఆ పథకం నిజమైనదే: 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కి 30,000, మూడో కిలోవాట్‌కి 18,000. కానీ నెట్ మీటర్ పెట్టి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్లు తనిఖీ చేశాకే అది మన ఖాతాలో పడుతుంది. పైగా ప్యానెళ్లు డీసీఆర్ రకం కావాలి, అంటే లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. సర్వీసు పేరు మార్పించి దరఖాస్తు పెడదామనుకునేసరికి తేలింది, మావి డీసీఆర్ కావు. కొటేషన్‌లో "మంచి కంపెనీ ప్యానెళ్లు" అని మాత్రం రాసి ఉంది.

ఇంకో అబద్ధం: "తుఫానుకి ఊరంతా చీకటైనా మీ ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంది" అన్నాడు. 1996 తుఫాను చూసిన మనిషి మా అత్తగారు, ఆ మాటకే మొగ్గారు. బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకి కలిపే ఆన్‌గ్రిడ్ సిస్టమ్, లైనులో కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసేవాళ్లకి షాక్ కొట్టకుండా అలా పెడతారు. కరెంటు కోతల కోసమే కొంటుంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అడగండి, ఖర్చు బాగా పెరుగుతుంది.

స్టాండు సంగతి కూడా చూసుకోండి. మన ఉప్పుగాలికి రంగేసిన ఇనుము ఆగదు, మాకు ఒక్క వానాకాలానికే బోల్టుల దగ్గర తుప్పు పట్టింది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించిన ఇనుము) అని బిల్లులో రాయించండి. కొబ్బరి మట్టల నీడ ఏ వేళకి ఎక్కడ పడుతుందో ముందే చూడండి.

డబ్బు చేతికిచ్చే ముందు మీ ఫోన్‌లోనే పోర్టల్ తెరిచి, దరఖాస్తు నంబరు కళ్లారా చూడండి. అతను అందులో నమోదైన వెండరేనా అన్నది కూడా. కొటేషన్‌లో డీసీఆర్ అని, ఐదేళ్ల మెయింటెనెన్స్ అని ఉండాలి. ప్యానెళ్ల వెనక సీరియల్ నంబర్లను బిగించకముందే ఫొటో తీసుకోండి, తర్వాత అక్కడికి చెయ్యి పట్టదు. చివరి వాయిదా మాత్రం నెట్ మీటర్ బిగించాకే.

మేం సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె) ఆపేశాం, మిగతా 60,000 ఇవ్వలేదు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. మా వీధిలో ఇద్దరు పెట్టించుకుందామనుకుని, మా బిల్లు చూసి మానేశారు. నాకు అన్నిటికంటే అదే బాధ. సరిగ్గా పెడితే 3 కిలోవాట్లకి రోజుకి సుమారు 12 యూనిట్లు వస్తాయి. ఆ ఇద్దరి ఇళ్లకీ ఈ ఆదివారం వెళ్లి, నేనే పోర్టల్ తెరిచి చూపిస్తానని చెప్పాను.