ఆరేళ్లుగా ఆండ్రాయిడ్ ఎన్‌డీకే: ‘టూల్‌చైన్ లేదు’ అన్నప్పుడు నిజంగా లేనిదేమిటి

పర్లాకిమిడిలోని మా ఇంటి ముందుగదిలో కూర్చుని 2019 నుంచి ఆండ్రాయిడ్ యాప్‌లు తయారు చేస్తున్నాను. వాటిలో నాకు ప్రాణమైనది, గజపతి జిల్లా కొండ ఊళ్ల పిల్లలకు సవర మాటలను వినిపించి, పక్కనే తెలుగు, ఒడియా అర్థాలను చూపించే చిన్న యాప్. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న ఊరు ఇది కనుక, ఆ పని మీద నాకు మమకారం ఎక్కువ. గొంతు రికార్డులలోని రొదను తగ్గించే లైబ్రరీ సీ ప్లస్ ప్లస్‌లో ఉంది. దానిని ఫోన్ ప్రాసెసర్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చే క్లాంగ్ కంపైలర్, ఆండ్రాయిడ్ కోసం సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్ రాసేవారికి గూగుల్ ఇచ్చే పరికరాల పొది అయిన ఎన్‌డీకేలో ఉంటుంది. అందువల్ల దానితో నా పరిచయం రోజువారీది.

మొదటి దెబ్బ ఆ ఏడాదే తగిలింది. మిత్రుడిచ్చిన పాత ప్రాజెక్టును బిల్డ్ చేయగానే, అంటే కోడ్ నుంచి యాప్‌ను తయారు చేయబోగానే, మిప్స్64 అనే రకం ప్రాసెసర్‌కు సంబంధించిన టూల్‌చైన్ (కోడ్‌ను ఆ ప్రాసెసర్ భాషలోకి మార్చే పరికరాల వరుస) దొరకలేదంటూ, బిల్డ్‌ను నడిపించే గ్రేడిల్ అనే ప్రోగ్రాం ఆగిపోయింది. మా యాప్ నడిచే ఫోన్లలో మిప్స్ ప్రాసెసర్ ఒక్కదానిలోనూ లేదు. ఎన్‌డీకే 17వ విడుదలలో మిప్స్‌ను తీసివేశారనీ, ఆ ప్రాజెక్టులోని పాత గ్రేడిల్ ప్లగిన్ (ఆండ్రాయిడ్ యాప్‌ల తయారీని గ్రేడిల్‌కు నేర్పే అదనపు భాగం) మాత్రం ఇంకా దానికోసం వెతుకుతోందనీ తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. వేరే ప్రాసెసర్ టూల్‌చైన్ ఫోల్డరును నకలు తీసి, దానికి మిప్స్ పేరు పెడితే బిల్డ్ ముందుకు సాగుతుందని కొందరు చెప్పగా నేనూ అలాగే చేశాను, సాగింది కూడా. కానీ అది లేని వస్తువును ఉన్నట్లు చూపించడమే. ప్లగిన్‌ను 3.1కి, గ్రేడిల్‌ను 4.4కి పెంచడమే సరైన మార్గం.

నన్ను ఎక్కువగా ఏడిపించింది మాత్రం మరొకటి. వానాకాలంలో ఒక సాయంత్రం, ప్లగిన్‌ను 8.0కి మార్చగానే అది తనకు కావలసిన ఎన్‌డీకే 25.1.8937393ను తనంతట తానే దించుకోవడం మొదలుపెట్టింది. వందల మెగాబైట్ల దిగుమతి సగంలో ఉండగా కరెంటు పోయింది, దానితో పాటు నెట్టూ పోయింది. మర్నాడు బిల్డ్ చేస్తే, ఎన్‌డీకేలో వెర్షన్ వివరాలుండే ‘సోర్స్.ప్రాపర్టీస్’ ఫైలు లేదని వచ్చింది. ఆండ్రాయిడ్ పరికరాలన్నీ ఉండే ఎస్‌డీకేలోని ‘ఎన్‌డీకే’ ఫోల్డరు తెరిచి చూస్తే ఆ అంకెల పేరుతో ఫోల్డరు చక్కగా ఉంది; దాని లోపల ‘.ఇన్‌స్టాలర్’ అనే దాగిన ఫోల్డరు తప్ప మరేమీ లేదు. పేరు ఉన్నందువల్ల ఎన్‌డీకే ఉందనే గ్రేడిల్ నమ్ముతోంది, అందుకే మళ్లీ దించుకోవడం లేదు. ఆ ఖాళీ ఫోల్డరును పూర్తిగా తొలగించి, ఎస్‌డీకే మేనేజర్‌లో అదే వెర్షన్‌ను మళ్లీ ఎంచుకుంటే సరిపోయింది. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో ప్రోగ్రాంను మొత్తం తీసివేసి మళ్లీ వేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే, ముందు ఈ ఫోల్డరును చూడమని నా విన్నపం.

ఒకే కంప్యూటరులో అనేక వెర్షన్లను పక్కపక్కన ఉంచుకునే వీలును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. పాత యాప్ పాతదానితోను, కొత్తది కొత్తదానితోను బిల్డ్ అవుతాయి. ఒక్కో వెర్షన్ గిగాబైటుకు పైగా చోటు తీసుకోవడం మాత్రం చిన్న డిస్కు ఉన్నవారికి భారమే. ప్రతి ప్రాజెక్టులోనూ ‘ఎన్‌డీకే వెర్షన్’ వరుసను, బిల్డ్ సూచనలుండే బిల్డ్.గ్రేడిల్ ఫైలులో పూర్తి అంకెలతో రాసి పెడుతున్నాను. అలా రాయకపోతే ప్లగిన్ మారినప్పుడల్లా అది తనకు నచ్చిన వెర్షన్‌ను కోరుతుంది, మన నెట్టు మీద మళ్లీ అంత బరువు పడుతుంది.

ఇప్పుడు పూర్తిగా దిగిన ఎన్‌డీకే ఫోల్డరును పెన్‌డ్రైవులో దాచి ఉంచుతున్నాను. గుణుపురంలో చదువుకునే మా మేనల్లుడికి పోయిన నెల ‘సోర్స్.ప్రాపర్టీస్’ లేదనే సందేశమే వచ్చింది. ఇద్దరి కంప్యూటర్లలోనూ విండోసే కావడం వల్ల, వాడు ఆ ఫోల్డరును తన ఎస్‌డీకేలో అదే అంకెల పేరుతో పెట్టుకున్నాడు. నెట్టు లేకుండానే మొదటిసారికే బిల్డ్ పూర్తయింది, వెంటనే “మావయ్యా, అయిపోయింది!” అని ఫోన్ చేశాడు.