చైనాకు ఖనిజం అమ్మడమా, యంత్రాలు అమ్మడమా, దాని పక్కన ఫ్యాక్టరీ పెట్టడమా: ఏది మేలు?

చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. తర్వాతి పదేళ్లు ఏటా పది శాతానికి అటూ ఇటూగా పెరిగింది. ఆ పెరుగుదలతో బాగుపడినవాళ్లలో మూడు దేశాల దారులు పోల్చి చూడదగ్గవి. ఆస్ట్రేలియా ఇనుప ఖనిజం అమ్మింది. జర్మనీ కార్లు, యంత్రాలు అమ్మింది. వియత్నాం చైనా నుంచి విడిభాగాలు తెచ్చి, బిగించి, అమెరికాకు పంపింది.

పదిహేనేళ్ల కిందట అడిగితే చాలామంది జర్మనీకే మార్కులు వేసేవాళ్లు. మట్టి తవ్వి అమ్మేవాడి కంటే తెలివి అమ్మేవాడు నయం కదా అనుకునే రోజులవి. జరిగింది వేరు. ఫోక్స్‌వ్యాగన్ 1984లోనే షాంఘైలో జట్టు కట్టింది. విదేశీ కంపెనీ అక్కడ కార్లు తయారు చేయాలంటే స్థానిక కంపెనీతో కలవాలని చాలా ఏళ్లు షరతు ఉండేది. కొనేవాళ్లు పక్కనే కూర్చుని పని నేర్చుకున్నారు. 2023లో చైనా మార్కెట్లో అక్కడి సొంత కంపెనీ బీవైడీ ఫోక్స్‌వ్యాగన్ బ్రాండును దాటేసింది. అదే ఏడు కార్ల ఎగుమతిలో చైనా జపాన్‌ను మించింది. 2024 చివర్లో ఫోక్స్‌వ్యాగన్, 2030 నాటికి జర్మనీలో 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించడానికి యూనియన్లతో ఒప్పందం చేసుకుంది. గ్యాస్ ధరలు, ఎలక్ట్రిక్ కార్లలో ఆలస్యం కూడా కారణాలే. అయినా పెద్ద దెబ్బ పాత కస్టమర్ నుంచే తగిలిందని నేనంటాను.

ఆస్ట్రేలియాది మొరటు వ్యాపారంలా కనిపిస్తుంది కానీ గట్టిది. కోవిడ్ ఎలా పుట్టిందో విచారణ జరపాలని ఆ దేశం అడిగాక, 2020లో చైనా బార్లీ, వైన్ మీద భారీ సుంకాలు వేసింది, బొగ్గు ఆపింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా గనుల ఇనుప ఖనిజం జోలికి మాత్రం పోలేదు. అంత సరుకు ఇంకెవరూ ఇవ్వలేరు మరి! టెన్షన్ అంతా ధరతోనే. 2011లో టన్ను 180 డాలర్లు దాటిన ఖనిజం 2015 చివరికి 40 డాలర్ల కిందికి జారింది. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడితే ఎలా ఉంటుందో ఖమ్మం, గుంటూరు తేజ మిర్చి రైతులకు వేరే చెప్పక్కర్లేదు. చైనా ఆర్డర్లు మందగిస్తే యార్డులో రేటు పడిపోతుంది. ఇప్పుడు చైనాలో ఇళ్ల నిర్మాణం తగ్గింది. పైగా ఆఫ్రికా దేశం గినీలోని సిమాండు ఇనుప ఖనిజం గనుల్లో చైనా కంపెనీలు కూడా పెట్టుబడి పెట్టాయి.

వియత్నాం సంగతి చిన్నది. బాక్ నిన్‌లో శాంసంగ్ ఫోన్ల ఫ్యాక్టరీ 2009లో మొదలైంది. 2018లో అమెరికా, చైనాల మధ్య సుంకాల గొడవ మొదలయ్యాక మరిన్ని కంపెనీలు వచ్చాయి. అయితే విడిభాగాల డబ్బులో పెద్ద వాటా చైనాకే పోతుంది. 2025లో అమెరికా ముందు 46 శాతం సుంకం ప్రకటించి, తర్వాత 20కి దించింది.

జనం తక్కువ, గనులు ఎక్కువ ఉంటే ఆస్ట్రేలియా దారే సుఖం. మనలా పని కోసం చూసే కుర్రాళ్లు కోట్లలో ఉన్నచోట అది సరిపోదు. పిల్బరాలో ట్రక్కులు కూడా డ్రైవర్ లేకుండానే తిరుగుతున్నాయి. అందుకే నా ఓటు వియత్నాంకే, ఒక షరతు మీద: విడిభాగాలు క్రమంగా సొంతంగా చేసుకోవాలి. ముడి పదార్థాల కోసం ఇప్పటికీ చైనా వైపు చూసే హైదరాబాద్ మందుల కంపెనీలకూ ఇదే పని మిగిలి ఉంది.