మందు మాన్పించడం: ఇంట్లోనా, వార్డులోనా?

విశాఖలో తాగుడు మాన్పించాలంటే దారులు రెండు. ఓపీలో చూపించి ఇంట్లోనే మాత్రలు వాడటం ఒకటి, పెదవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల లాంటి చోట చేర్చడం రెండోది. ఖర్చు చూసి కాదు, తాగుడు ఆపితే ఒళ్లు ఏమవుతుందో చూసి తేల్చుకోవాలి.

పొద్దున్నే క్వార్టర్ పడితే గానీ గ్లాసు నిలకడగా పట్టుకోలేని మనిషికి ఇల్లు పనికిరాదు. మానేసిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 2, 3 రోజులకు లేనివి కనబడటం, జ్వరం, చెమటలు, పగలో రాత్రో తెలియకపోవడం మొదలైతే ప్రాణం మీదికే వస్తుంది. వార్డులో నాడి, బీపీ చూస్తూ మాత్రల డోసు రోజురోజుకూ తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. నీరసమని వీధి క్లినిక్‌లో ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే, బి1 అడుగంటిన మెదడు దెబ్బతినొచ్చు.

గతంలో ఫిట్స్ లేవు, వణుకు తక్కువ, రాత్రీపగలూ తోడు ఉంటుందంటే ఇల్లు చాలు. ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు, నలుగురి నోళ్లలో పడక్కర్లేదు. మాత్రలు మాత్రం ఇంకొకరి దగ్గర ఉండాలి. వాటి మీద తాగితే ఊపిరి మందగిస్తుంది. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రను తెలియకుండా కూరలో కలపడం వద్దే వద్దు. ఆపైన తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు.

గంజాయికైతే చాలామందికి ఓపీ సరిపోతుంది, గొంతులు వినిపించడం లాంటివి లేకపోతే.

వార్డు నుంచి వచ్చాక మొదటి జీతం రోజు అసలు పరీక్ష. ఫాలోఅప్ తేదీ అంతకుముందే పడేలా అడగండి. మనిషి రానంటే, ఇంట్లోవాళ్లే ముందుగా మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు.