నలభై ఎనిమిదేళ్ళకి అమీర్‌పేటలో ఎక్సెల్ క్లాసు: నా రివ్యూ

మొన్న ఆదివారంతో నా కోర్సు అయిపోయింది. అడ్వాన్స్‌డ్ ఎక్సెల్, దానికి తోడు అకౌంట్స్‌లో ఏఐ. ఆరు ఆదివారాలు, ఫీజు 6,500. మైత్రీవనం చుట్టుపక్కల ఇలాంటివి సందుకొకటి ఉన్నాయి కాబట్టి పేరు రాయను. చేరేముందు ఏం చూసుకోవాలో చెప్తాను.

నేను రాణిగంజ్‌లో పంపుసెట్ల హోల్‌సేల్ షాపులో అకౌంటెంట్‌ని. 1999లో చేరినప్పుడు చిట్టా, ఆవర్జా చేత్తో రాసేదాన్ని. ట్యాలీ వచ్చింది, 2017లో జీఎస్టీ వచ్చింది, తర్వాత ఇ-ఇన్‌వాయిస్. వచ్చిన ప్రతిసారీ "ఇంక నీకేం పని ఉంటుందమ్మా" అన్నవాళ్ళున్నారు. అప్పుడు నవ్వేశాను. ఈసారి నవ్వు రాలేదు. సేఠ్‌గారి అబ్బాయి, బిల్లు ఫోటో తీస్తే తనే ఎంట్రీ వేసే సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. నా పక్కన ఎంట్రీలు కొట్టే అమ్మాయిని రెండు నెలల్లో కౌంటర్‌కి మార్చారు. ఆ తర్వాత వంతు ఎవరిదో నాకు వేరే చెప్పాలా?

డెమో చూసి మోసపోకండి. డెమోలో చెప్పింది సీనియర్ సార్, బ్యాచ్‌కి వచ్చింది పాతికేళ్ళ కుర్రాడు. కరపత్రం నిండా "నేర్చుకోకపోతే ఉద్యోగం పోతుంది" అనే బెదిరింపే. జాబ్ అసిస్టెన్స్ అంటే ఒక వాట్సాప్ గ్రూపు. మొదటి రెండు వారాలు వీలుకప్, పివట్ లాంటి మామూలు ఎక్సెల్ పనులు. అవి నాకు వచ్చినవే.

డబ్బు గిట్టింది మూడో ఆదివారం, పవర్ క్వెరీతో. ఎక్సెల్‌లోనే ఉండే, షీట్లు శుభ్రం చేసి కలిపే సాధనం అది. మా పని చేసేవాళ్ళకి తెలుసు: నెలనెలా 14న 2బి (సప్లయర్లు మన పేరున ఎక్కించిన బిల్లుల జీఎస్టీ జాబితా) వస్తుంది, 20 లోగా 3బి (ఆ నెల జీఎస్టీ రిటర్ను) వేయాలి. ఈలోపు పర్చేజ్ రిజిస్టర్ ముందేసుకుని ఏ సప్లయర్ బిల్లు ఎక్కించాడు, ఎవడు ఎగ్గొట్టాడు అని టిక్కులు పెట్టాలి. నాకు రెండు రోజులు పట్టేది. వాళ్ళు బిల్లు నంబరు 0045/24-25 అని వేస్తారు, మనం 45 అని కొట్టి ఉంటాం. ఆ సున్నాలు, గీతలు తీసేసి రెండు షీట్లూ కలిపేలా ఒక్కసారి కట్టుకుంటే, వచ్చే నెల కొత్త ఫైలు పెట్టి రిఫ్రెష్ నొక్కడమే. ఆ కుర్రాడికి జీఎస్టీ తెలియదు గానీ, ఇది మాత్రం మూడుసార్లు ఓపిగ్గా చూపించాడు.

ఐదో వారం ఏఐ. విజయవాడ పార్టీది మసకబారిన బిల్లు ఒకటి ఫోటో తీసి పెట్టాడు. ఆ ఏఐ 18 శాతం పన్నుని సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 అని, ఒకే రాష్ట్రంలో కొన్నట్టు కేంద్రానికి సగం, రాష్ట్రానికి సగం విడగొట్టేసింది. క్లాసంతా తలూపింది. "బాబూ, వాళ్ళ జీఎస్టీ నంబరు 37తో మొదలైంది చూడు, అంటే ఆంధ్ర. మనది 36, తెలంగాణ. రాష్ట్రం దాటింది కాబట్టి అది ఐజీఎస్టీ" అన్నాను. "ఎలా పట్టారు మేడమ్!" అన్నాడు. సంతోషంగానే మెట్రో ఎక్కాను. ప్యారడైజ్‌లో దిగేలోపే ఇంకో ఆలోచన వచ్చింది: 36కీ 37కీ తేడా దానికి నేర్పడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

రోజూ ఎక్సెల్‌తో పని ఉన్నవాళ్ళు చేరండి. పార్టీల పేర్లు, అంకెలు మార్చి మీ ఆఫీసు ఫైలే పట్టుకెళ్ళండి. కొత్త ఉద్యోగం ఇప్పిస్తారని మాత్రం చేరకండి. నేనైతే 5కి 3 ఇస్తాను.

ఈ నెల 2బి నలభై నిమిషాల్లో తేలిపోయింది. సేఠ్‌కి ఇంకా చెప్పలేదు. 14, 15 తేదీల్లో ఎప్పట్లాగే ప్రింట్లు బల్లమీద పరుచుకుని, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను.