పెన్సిల్వేనియా జర్మన్ పూర్వీకుల వేటలో ఏది మేలు: ఓడ జాబితానా, చర్చి పుస్తకమా?

18వ శతాబ్దంలో జర్మనీ నుంచి పెన్సిల్వేనియాకు వలస వెళ్లిన కుటుంబం మూలాలు వెతికేవాళ్లు ముందుగా ఎగబడేది ఓడ జాబితాల మీదికే. ఓడ పేరు, దిగిన తేదీ దొరికితే సగం పని అయిపోయినట్టే అనిపిస్తుంది మరి. నన్నడిగితే అది చివర తీయాల్సిన కాగితం. ముందు చర్చి పుస్తకం, అంటే పాస్టర్లు బాప్తిస్మాలు, పెళ్లిళ్లు రాసిపెట్టుకున్న పుస్తకం చూడాలి.

జాబితాలు తక్కువవేం కావు. 1727 నుంచి ఫిలడెల్ఫియాలో దిగిన జర్మన్ మగవాళ్లలో 16 ఏళ్లు దాటినవాళ్లు బ్రిటిష్ రాజుకు విధేయులమని ప్రమాణం చేసి సంతకం పెట్టాల్సి వచ్చేది. 1934లో పెన్సిల్వేనియా జర్మన్ సొసైటీ ఆ జాబితాలను మూడు సంపుటాలుగా అచ్చు వేసింది. చిక్కేమిటంటే, వాటిలో ఆడవాళ్లు, పిల్లలు చాలావరకు కనబడరు. సొంత ఊరు కూడా ఉండదు. రాటర్‌డామ్‌లో ఎక్కారు, ఇంగ్లండ్‌లోని కౌస్ మీదుగా వచ్చారు అని మాత్రం ఉంటుంది. పైగా ఇంగ్లిష్ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. ఇక యోహాన్నెస్ ముల్లర్ లాంటి పేరైతే ఓడకొకడు తగులుతాడు. వాళ్లలో మీవాడెవడో జాబితా చెప్పదు. అక్కడే చాలామంది తమకు నచ్చిన ముల్లర్‌ను తెచ్చి వంశవృక్షానికి అంటుకడతారు. ఆన్‌లైన్ వృక్షాల్లో ఈ అంట్లు కొల్లలు.

చర్చి పుస్తకం మనుషుల్ని చుట్టరికాలతో సహా చూపిస్తుంది. ఒక బాప్తిస్మం పద్దు తీసుకోండి: బిడ్డ పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, తల్లిదండ్రులు, ఆ పక్కనే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి (బాప్తిస్మంలో బిడ్డ తరఫున సాక్షులుగా నిలిచేవాళ్లు). అసలు సంగతంతా ఈ చివరి ఇద్దరి దగ్గరే ఉంది. బిడ్డను ఎత్తుకున్నవాళ్లు చాలాసార్లు మేనమామో, పిన్నో, పాత ఊరివాళ్లో అయివుంటారు. తల్లి పుట్టింటిపేరు రాయకపోయినా, నలుగురైదుగురు పిల్లల పద్దులు వరుసగా పెట్టి చూస్తే మళ్లీ మళ్లీ కనబడే ఇంటిపేరు ఒకటి దొరుకుతుంది. వెతకాల్సిన దారి అదే. చర్చి కట్టని చోట్ల కూడా ఆశ ఉంది. ఊరూరా తిరిగిన పాస్టర్ స్టోవర్ 1730ల నుంచి తాను చేసిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు సొంత పుస్తకంలో రాసుకున్నాడు.

ఆ ఇంటిపేర్లు చేతిలో పట్టుకుని జర్మనీలో గ్రామ చర్చి పుస్తకాలకు వెళ్తే, ఒక్కోచోట పేరు పక్కన పాస్టర్ 'పెన్సిల్వేనియాకు పోయాడు' అని రాసిపెట్టి ఉంటాడు. అలాంటి ఒక్క వాక్యం పది జాబితాలకు సమానం. అయితే ఆ పాత జర్మన్ చేతిరాత చదవడం నేర్చుకోక తప్పదు. ముప్పై ఏళ్ల యుద్ధంలోనూ (1618–48), 1689లో ఫ్రెంచివాళ్లు జర్మనీ నైరుతిలోని పాలటినేట్ ప్రాంతాన్ని తగలబెట్టినప్పుడూ చాలా పుస్తకాలు పోయాయి. మీ ఊరి పుస్తకం మిగిలిందో లేదో అదృష్టం.

మీవాళ్లు మెన్నొనైట్లో, ఆమిష్‌లో (రెండూ క్రైస్తవ శాఖలే) అయితే నా సలహా చెల్లదు. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. భూమి దస్తావేజులు, వీలునామాలే దిక్కు.

డీఎన్‌ఏ పరీక్ష సంగతి రెండు ముక్కల్లో: మగ సంతానం వరుసను చూపే వై-డీఎన్‌ఏతో రెండు హూబర్ కుటుంబాలు ఒకటి కావని తేల్చవచ్చు, ఊరి పేరు మాత్రం రాదు.

ఓడ జాబితా గెలిచే చోటు ఒకటుంది. రాయడం వచ్చినవాళ్లు సొంత చేత్తో సంతకం చేశారు, ఆ సంతకాల నకళ్లు ఆ 1934 సంపుటాల్లో ఉన్నాయి. ముప్పై ఏళ్ల తర్వాతి వీలునామా మీది సంతకం తెచ్చి పక్కన పెట్టండి. అక్షరాల వంపు కలిస్తే, పదిమంది ముల్లర్లలో మీవాడు ఎవడన్న తగువు చాలావరకు అక్కడే తీరుతుంది.