నాన్న మెడల్స్, యూనిఫాం: గోడకా, అద్దాల బీరువాకా, ట్రంకు పెట్టెకా?

నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైరై వచ్చినప్పుడు నల్ల ఇనుప ట్రంకు పెట్టె ఒకటి తెచ్చుకున్నారు. దాని మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, పేరు. లోపల ఓజీ (ఆలివ్ గ్రీన్) యూనిఫాం రెండు జతలు, చలికాలపు అంగోలా షర్టు, జెర్సీ, బెరెట్ టోపీ, చిన్న డబ్బాలో మెడల్స్. వీటిని ఏం చెయ్యాలన్న దాని మీద మా ఇంట్లో చాలా ఏళ్లు తగువు నడిచింది. అన్నయ్య గోడకు ఫ్రేము కట్టిద్దామన్నాడు. వదిన అద్దాల బీరువా అంది. అమ్మ మాత్రం "పెట్టెలో ఉన్నవి పెట్టెలోనే ఉండనివ్వండి" అంది. చివరికి మూడూ చేసి చూశాం, మూడింటిలోనూ ఏదో ఒకటి పాడుచేసుకున్నాం.

ముందు ఫ్రేము. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వెళ్లినప్పుడు (మిలిటరీ మాధవరం అంటేనే చాలామందికి తెలుస్తుంది) చుట్టాలింట్లో అలాంటిది చూసి అన్నయ్య మనసు పడ్డాడు. చూడ్డానికి నిజంగా బాగుంటుంది. ఇల్లు చిన్నదైనా చోటు తినదు, దుమ్ము పడదు, వచ్చినవాళ్ల కన్ను ముందు దాని మీదే పడుతుంది. మాకు కట్టించి ఇచ్చినతను మెడల్స్‌ని వెల్వెట్ గుడ్డకు జిగురుతో అతికించేశాడు. మేం చూసుకోలేదు. హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా తగిలించాం. రెండేళ్ల తర్వాత విప్పితే రిబ్బన్ల ముందు వైపు వెలిసిపోయి ఉంది, తిప్పి చూస్తే వెనక వైపు కొత్తదానిలా ముదురు రంగు. ఎండకు వెలిసిన రంగు మళ్లీ రాదు. మ్యూజియాల్లో పాత బట్టల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) దాటకుండా చూస్తారు. ఎండ పొడ పడే కిటికీ దగ్గర అది వేలల్లో ఉంటుంది.

రంగు సంగతి అలా ఉంచితే, జిగురు చేసిన పని నాకింకా కోపం తెప్పిస్తుంది. మెడల్ అసలు విలువ దాని అంచు మీద ఉంటుంది. నంబరు, ర్యాంకు, పేరు అక్కడే చెక్కి ఉంటాయి. 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ అప్పుడు సర్వీసులో ఉన్నవాళ్లలో ఎందరికో వచ్చింది. అంచు మీది ఆ అక్షరాల వల్లే అది మా నాన్నది అయింది. ఆ అంచు చుట్టూ ఎండిన జిగురును అన్నయ్య చెక్క పుల్లతో ఒక పూటంతా గీకాడు.

కాబట్టి ఫ్రేమే కావాలంటే బాక్స్ ఫ్రేము చేయించండి. అద్దానికీ మెడల్‌కీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. జిగురు వద్దు, రిబ్బను వెనక ఉండే పిన్నుతో గుడ్డ చుట్టిన బోర్డుకు గుచ్చితే చాలు. బోర్డు యాసిడ్ లేనిది అడగండి. మామూలు అద్దం బదులు యూవీని (ఎండలోని అతినీలలోహిత కిరణాలను) ఆపే యాక్రిలిక్ షీటు వేయిస్తే ఇంకా మంచిది. అది వేసినా వెలుతురుకు రంగు కొంత పోతుంది, అందుకే గోడ ఎంపికే ముఖ్యం.

యూనిఫాంను మాత్రం ఫ్రేములో పెట్టొద్దంటాను. మడతలు పెట్టి, పిన్నులు గుచ్చి, అద్దం కింద నొక్కితే అది షర్టులా కాక గోడకంటించిన పోస్టరులా కనిపిస్తుంది.

బట్టకు అందం వచ్చేది బీరువాలోనే. బొమ్మకు తొడిగి, బెల్టు బిగించి, టోపీ పెడితే మనిషి నిలబడినట్టే ఉంటుంది. ఈ విషయంలో వదినదే గెలుపు. కానీ కొత్త ప్లైవుడ్ నుంచి వచ్చే ఆవిర్లు లోహాన్ని మసకబారుస్తాయి, లోపల పెట్టే లైట్లు వేడెక్కుతాయి. ఏళ్ల తరబడి వేలాడితే బరువంతా భుజాల కుట్ల మీద పడుతుంది. తీగ హ్యాంగరైతే తుప్పు మరక కూడా. మా జెర్సీ ఒక భుజం సాగిపోయింది ఇలాగే. ఇత్తడి బటన్ల చుట్టూ గుడ్డకు పచ్చటి చిలుం కూడా అంటింది. మీ ఇంట్లో ఏసీ గది, చాలినంత చోటు ఉంటే బీరువా చేయించుకోండి, కానీ ఆరు నెలలు పెట్టి ఆరు నెలలు దించండి.

ఇక అమ్మ పెట్టె. ఎండ పడదు, భుజం సాగదు. కానీ అక్కడా ఓజీ షర్టు కాలరు సిల్వర్ ఫిష్ పురుగులు కొరికేశాయి. కారణం గంజి! నాన్న పెళపెళలాడేలా గంజి పెట్టించి ఇస్త్రీ చేయించి దాచుకున్నారు. గంజి ఆ పురుగులకు విందు భోజనం. దాచే ముందు గంజి పోయేలా ఉతికి, బాగా ఆరబెట్టి, ఇస్త్రీ మడత లేకుండా పరచాలి. ఇనుప పెట్టె అడుగున తుప్పు ఉంటుంది కాబట్టి ఉతికిన పాత పంచె పరచి, మరో పంచెతో చుట్టాలి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. నాఫ్తలీన్ ఉండలు గుడ్డకు తగలకుండా మూటగట్టి మూలన పెట్టండి. గోదావరి వైపు వానాకాలంలో గాలిలో తేమ 65 శాతం దాటడం మామూలే, దాటితే బూజు పట్టేస్తుంది. దసరా వెళ్లాక ఒకసారి తీసి నీడలో ఆరవేస్తే సరిపోతుంది.

మెడల్స్‌ని పాలిష్‌తో రుద్దకండి. నాన్న ప్రతి జనవరి 26కీ రుద్దేవారు. ఆయన పూర్వీ స్టార్ (అదే యుద్ధంలో తూర్పు వైపు పనిచేసినవాళ్లకు ఇచ్చిన మెడల్) మీది అక్షరాలు ఇప్పుడు వేలికి సరిగా తగలవు. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

సొంతింటివి కాకుండా సరదాకు కొని పోగేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సైనికుడినని నమ్మించడానికి ఆ బట్టలు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరం. గోడకు తగిలించుకుంటే ఆ గొడవ లేదు.

మేం చివరికి ఒకే చోటు అనే పంతం వదిలేశాం. మెడల్స్ బాక్స్ ఫ్రేములో, యూనిఫాం పెట్టెలో. యూనిఫాం వేసుకున్న నాన్న ఫోటో ఒకటి పెద్దది చేయించి ఫ్రేము పక్కన పెట్టాం. ఎండ రాని లోపలి వరండా గోడ చూశాను కానీ నాన్న ఒప్పుకోలేదు. తన కుర్చీలోంచి కనిపించాలట. కుర్చీ ఉండేది పడమటి కిటికీ పక్కనే. దాంతో ఫ్రేము మళ్లీ పాత మేకుకే తగిలించి, కిటికీకి మందపాటి కర్టెన్ వేశాం. మధ్యాహ్నం మూడయ్యేసరికి నాన్నే లేచి దాన్ని లాగుతారు.